గనాయన పదో రౌండు

మార్కాపురంలో రాతి పలకలు తయారుచేసే ఒక షెడ్డు ముందు ఆదివారం సాయంత్రం నాలుగింటికి ప్రపంచ బాక్సింగ్ పోటీ మొదలవుతుంది. బాక్సర్లు రారు. వాళ్ళలో చాలామంది ఎప్పుడో పోయారు. ఒకరు గ్లవ్స్ విప్పేసిన ముప్పై ఏళ్ళకు ఇంకొకరు తొడిగినవాళ్ళు. అలాంటి ఇద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టి, ఎవరు గెలిచేవారో తేల్చడం మా పని.

దానికొక పద్ధతి ఉంది. ఒక బాక్సరు తరఫున నేను మాట్లాడతాను, రెండో బాక్సరు తరఫున రిటైరైన డ్రిల్లు మాస్టరు. పదిహేను రౌండ్లు. తీర్పరులు ముగ్గురు: షెడ్డు యజమాని, ఒకప్పుడు గిద్దలూరు బస్సులో కండక్టరు చేసినాయన, ఎదురుగా టీ కొట్టు నడిపే ఆయన. ముగ్గురికీ తలా ఒక పలక. మధ్యలో నిలువు గీత గీసి, రౌండు ఎవరిదైతే వాళ్ళ వైపు బలపంతో ఒక చిన్న గీత పెడతారు. పోటీ అయ్యేదాకా పలక బోర్లించే ఉండాలి.

బాక్సర్ల అసలు పేర్లు మా నోళ్ళు తిరగవు. అందుకని మేమే పేర్లు పెట్టుకున్నాం. బొగ్గుగనిలో పనిచేసి చాంపియన్ అయిన పాతకాలపు మనిషి గనాయన. తర్వాతి కాలంలో, ఒక్కచోట నిలవకుండా తిరుగుతూ కొట్టేవాడు కాళ్ళాయన. గనాయన మా వాడు. అంటే మా తాత అభిమానించినవాడు.

తాత కాలంలో మాకు తర్లుపాడు దోవలో కనుచూపు మేర చేలుండేవి. ఇప్పుడు నాకు మిగిలినవి రెండు: తాత మద్రాసు నుంచి పోస్టులో తెప్పించుకున్న బాక్సింగ్ పత్రికల కట్ట, నిటారు వీపున్న టేకు కుర్చీ. కుర్చీని షెడ్డులోనే ఉంచాను. మిగతావాళ్ళు పలకల పెట్టెల మీద కూర్చుంటారు. నేను కుర్చీలో కూర్చుంటాను, ఆనుకోను. తాత ఆనుకునేవాడు కాదు.

పోయిన ఎండాకాలంలో గనాయనకూ కాళ్ళాయనకూ పోటీ పెట్టాం. మొదలుకాకముందే కండక్టరు అడ్డం పడ్డాడు. చుట్టుపక్కల ఎక్కడ ఎద్దుల బండలాగుడు జరిగినా ఆయన పోవాల్సిందే.

"ఇది ఏ విభాగం బావా? బండలాగుడులో ఎద్దు వయసు పళ్ళతోనే లెక్క. రెండు పళ్ళ జతను ఆరు పళ్ళ జత మీద పోటీకి కడతారా? ముందు ఇద్దరికీ ఎన్ని పళ్ళో చెప్పండి."

"ఇద్దరికీ ముప్పై ఏళ్ళు అనుకో," అన్నాను.

"అయితే పళ్ళన్నీ వచ్చినట్టే. కానీయండి."

తొమ్మిది రౌండ్లు బాగానే జరిగాయి. పదో రౌండులో మాస్టరు పెట్టె మీద నుంచి లేచి, కాళ్ళాయన లాగా అటొక అడుగు ఇటొక అడుగు వేస్తూ అన్నాడు: "తిరిగినాడు, తిరిగినాడు, ఎడమ చేత్తో ఒకటి వేసినాడు. గనాయన కింద పడినాడు."

"పడడు," అన్నాను. "జన్మలో నేల తాకలేదు. మా తాత చెప్పినాడు."

"ఆ మాట నేనూ విన్నాలే అన్నా. కానీ..."

"నువ్వేం విన్నావు? మీ నాయన మా అరుగు కింద నిలబడి విన్న ముక్కలేగా నీకు తెలిసింది."

మాస్టరు వాళ్ళ నాయన మా చేలో పనిచేసేవాడు. సాయంత్రాలు తాత అరుగు మీద కూర్చుని పత్రిక చదివి చెబుతుంటే, పనివాళ్ళు కింద నిలబడి వినేవాళ్ళు. ఆ మాట నిజమే. అనాల్సిన మాట కాదు.

మాస్టరు ప్యాంటు వెనక దుమ్ము దులుపుకొని వెళ్ళిపోయాడు. షెడ్డు యజమాని తన పలక తుడిచేశాడు.

ఆ వారమంతా నాకు అన్నం సరిగా పోలేదు. క్షమించమని అడగడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఆయన రాకపోతే ఈ జిల్లాలో నాతో బాక్సింగ్ మాట్లాడే మనిషే లేడు.

ఆదివారం నాలుగింటికి నేను కుర్చీలో ఉన్నాను. నాలుగుంబావుకు మాస్టరు వచ్చాడు. చంకలో పాత లెక్కల పుస్తకం ఉంది. దాని అట్ట విప్పి నా చేతికిచ్చాడు. నున్నటి పత్రిక కాగితం, మడతల దగ్గర చిరిగింది.

"బడికి పోయేటప్పుడు అట్టలేసుకోను కాగితాలు మీ ఇంట్లోనే అడిగేది మా అమ్మ. ఇది మీ తాత తనే చింపి ఇచ్చినాడంట. చదువన్నా. వీళ్ళకు గూడా చెప్పు."

చూడగానే గుర్తుపట్టాను. నా దగ్గరున్న కట్టలో గనాయన పెద్ద పోటీ తొమ్మిదో రౌండుతో ఆగిపోతుంది. ఆ తర్వాతి పేజీ ఇది. ఇంగ్లీషులో ఉంది. తీర్పరులు ముగ్గురికీ ఇంగ్లీషు రాదు. రెండు లైన్లు మింగేసి చదివినా వాళ్ళకు తెలిసేది కాదు. మాస్టరు నా వైపు చూడకుండా టీ తాగుతున్నాడు.

చదివి చెప్పాను. "పదో రౌండులో గనాయన కింద పడినాడు. తొమ్మిది లెక్కపెట్టేసరికి లేచినాడు. చివరిదాకా నిలబడినాడు. ఓడిపోయినాడు."

అప్పుడు మార్జిన్‌లో పెన్సిలు గీతలు కనిపించాయి. తాత చేతివే. రౌండు రౌండుకూ మార్కులు వేసుకున్నాడు, మా పలకల మీద లాగే. పదో రౌండు దగ్గర, గనాయన కింద పడిన రౌండు దగ్గర, గీత గనాయన వైపే ఉంది.

కాగితం కండక్టరుకు చూపించాను. చాలాసేపు చూశాడు.

"మీ తాత బండలాగుడుకు జడ్జీగా రాకపోవడం మంచిదయింది బావా. ఎద్దు పడుకున్నా మొదటి బహుమతి ఇచ్చేటోడు."

ముందు నవ్వింది నేనే. తర్వాత మాస్టరు. టీ కొట్టాయన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్ళు ఇది దగ్గర పెట్టుకొని ఎందుకు చూపించలేదు మాస్టరూ?" అని అడిగాను.

"చూపిస్తే నువ్వు వాదించవు గదన్నా. నాకు ఆదివారం ఏం పని ఉంటుంది?"

పోటీ మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాం. ఈసారి గనాయన్ని మాస్టరుకు ఇచ్చి నేను కాళ్ళాయన్ని తీసుకున్నాను. పదో రౌండులో గనాయన్ని నేనే పడగొట్టాను. మాస్టరు షెడ్డు ముందు దుమ్ములో ఒక మోకాలు ఆనించి, కండక్టరు తొమ్మిది లెక్కపెట్టేదాకా ఉండి, లేచాడు. లేచాక ఆయన మాట్లాడినట్టు గనాయన గురించి నేనెప్పుడూ మాట్లాడలేదు. పలకలు తిప్పితే రెండు గనాయనవి, ఒకటి నాది.

మరుసటి ఆదివారం మాస్టరు రాగానే నేను లేచి పలకల పెట్టె మీద కూర్చున్నాను. కుర్చీ చూపించాను. అది దేనికోసమో ఆయనకు తెలుసు. కూర్చున్నాడు, అటూ ఇటూ కదిలాడు.

"ఏందన్నా, ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. ఇన్నేళ్ళు దీంట్లో ఎట్ల కూర్చున్నావు?"

"నడుము నొప్పితో," అన్నాను.