కుర్చీ మీది హ్యాండ్‌బ్యాగు

హామిల్టన్‌లో నేను నర్సుగా పనిచేసే హెల్త్ సెంటర్‌కి కోఆర్డినేటర్ ఒకావిడ ఉండేది. హైదరాబాద్ మనిషి, టెక్సాస్ మీదుగా వచ్చింది. ఏనాడూ ఒక పేషెంటు చెయ్యి పట్టుకున్న పాపాన పోలేదు గానీ, మీటింగుల్లో ఆవిడ నోటికి మాత్రం అడ్డూ ఆపూ ఉండేది కాదు.

ఊళ్లో హంగరీ నుంచి శరణార్థులుగా వచ్చిన రోమా కుటుంబాలు చాలా ఉన్నాయి. యూరప్‌లో జిప్సీలనీ, దొంగలనీ ముద్ర వేసి దూరం పెట్టేది వీళ్లనే. వాళ్లలో షుగర్ ఎక్కువ, పరీక్షకి వచ్చేవాళ్లు తక్కువ. వాళ్ల పూర్వీకులు ఎప్పుడో ఇండియా నుంచి వెళ్లినవాళ్లేనని ఈవిడ ఎక్కడో చదివింది. ఇంకేం, పట్టపగ్గాలు లేవు.

"వాళ్లు మనవాళ్లేనండీ! మీరు ఇండియన్ నర్స్ కదా, ఈజీగా కనెక్ట్ అవుతారు. మన సౌత్ ఏషియన్ డైట్ బ్రోషర్లే ఇచ్చేద్దాం" అంది.

"అందులో ఇడ్లీ, పెసరట్టు ఉన్నాయండీ. వాళ్లు తినేది బంగాళాదుంపలూ బ్రెడ్డూను" అన్నాను.

"అబ్బా, ఏదైనా కార్బ్సే కదండీ!"

చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను.

ఒక శనివారం వాళ్లుండే పేటలో చర్చి హాలు తీసుకుని షుగర్ పరీక్షల క్యాంపు పెట్టాం. పొద్దుటి నుంచీ ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. మధ్యాహ్నానికి ఒక పెద్దావిడ వచ్చింది. వెంట కోడలు, కొడుకులు, చెల్లెళ్లు, ఇంటిల్లిపాదీ దిగారు. ఒకరికి ఒంట్లో బాగోకపోతే అందరూ కదిలి రావడం వాళ్ల పద్ధతి. మా కాకినాడలో మాత్రం ఆస్పత్రికి ఒక్కళ్లమే వెళ్తామా?

ఆవిడ కుంటుతోంది. బొటనవేలి మీద పుండు నెలలైనా మానడం లేదని కోడలు ఇంగ్లీషులో చెప్పింది. అది షుగర్ పుండైతే, ఇంకా ఆలస్యం చేస్తే ఆ కాలు దక్కదు. ఆవిడని కూర్చోబెట్టి, వేలు గుచ్చి, నెత్తురు బొట్టుకి షుగర్ మీటర్ స్ట్రిప్ ఆనించాను.

సరిగ్గా అప్పుడే మా మహాతల్లి గబగబా వచ్చి, పక్క కుర్చీలో ఉన్న తన హ్యాండ్‌బ్యాగు లాక్కుని చంకలో ఇరికించుకుంది. పైగా నాతో తెలుగులో, "మీ ఫోన్ కూడా లోపల పెట్టుకోండి, వీళ్ల సంగతి తెలుసు కదా" అంది. మొహం మీద నవ్వు మాత్రం చెరగలేదు.

తెలుగు రాకపోతేనేం, ఆ లాక్కోవడం అర్థం కాదా? పెద్దావిడ చెయ్యి వెనక్కి తీసుకుని లేచింది. అందరూ ఆవిడ వెనకే వెళ్లిపోయారు.

"చూశారా, అస్సలు అవేర్‌నెస్ లేదండీ వీళ్లకి" అంది కోఆర్డినేటర్. ఛీ, ఏం మనిషి!

మీటర్ మీద అంకె అప్పుడు చూశాను. ఇరవై ఒకటి. మన దేశం లెక్కలో నాలుగు వందలకి దగ్గర. కోటైనా వేసుకోకుండా పార్కింగ్‌లోకి పరుగెత్తాను. వాళ్ల వ్యాను అద్దం తట్టి కోడలికి మీటర్ చూపించాను. సోమవారం మా క్లినిక్‌కి తీసుకురమ్మనీ, డాక్టర్‌తో నేనే మాట్లాడి ఉంచుతాననీ, ఆలస్యమైతే కాలు పోతుందనీ గడగడా చెప్పేశాను. కోడలు అదంతా అత్తగారికి చెప్పింది. ఆవిడ నా వైపు చూసి నెమ్మదిగా ఏదో అంది.

"కాలు సంగతి ఆవిడకి తెలుసు, వాళ్లక్కకీ ఇలాగే తీసేశారు" అంది కోడలు. "ఎక్కడికెళ్లినా మమ్మల్ని ఇలాగే చూస్తారు. ఇండియా నర్సు ఉంటుందని ఎవరో చెబితే, ఇక్కడైనా వేరేగా ఉంటుందేమోనని వచ్చింది."

సోమవారం డాక్టర్‌ని బతిమాలి సాయంత్రం దాకా ఆపాను. ఎవరూ రాలేదు.