అడ్డకర్ర కింద తాతాజీ

మామిడిగరువు బుల్లియ్య కొడుక్కి తాతాజీ అని పేరు పెట్టింది వాళ్ల తాతగారి మీద గౌరవంతో. పేరులో ఉన్న పెద్దరికం మాత్రం పిల్లాడి ఒంట్లోకి రాలేదు. పదకొండో ఏట ఎంత ఉన్నాడో పద్నాలుగో ఏట కూడా ఇంచుమించు అంతే ఉన్నాడు. కాళ్లు మాత్రం ఊరికే ఉండేవి కావు. కొట్టుకి వెళ్లి బెల్లం పట్టుకురమ్మంటే, తల్లి రత్నమాణిక్యం ఎసరు పొంగకుండా మూత తీసేలోపు తెచ్చి గట్టు మీద పెట్టేసేవాడు.

కాలవ గట్టు మీదున్న ఊళ్లన్నీ కలిసి ఏటా జనవరి ఇరవయ్యారున పిల్లలకి పరుగు పందెం పెట్టేవి. జెండా ఎగరేసి, చాక్లెట్లు పంచాక జనమంతా మామిడిగరువు హైస్కూలు దగ్గర పోగయ్యేవారు. చిన్న గ్రూపు స్కూలు దగ్గర బయల్దేరి, కాలవ నీళ్లు ఆపే లాకుల దాకా పరిగెత్తాలి. వాళ్ల వెనకాల కాసేపాగి పెద్ద గ్రూపు బయల్దేరి, లాకులు దాటి, అవతలి గట్టెక్కి, ఈతలంక చుట్టి మళ్లీ స్కూలుకి రావాలి. చిన్న గ్రూపులో గెలిచినవాడి ఊరికి ఒక షీల్డు, పెద్ద గ్రూపులో గెలిచినవాడి ఊరికి ఇంకో షీల్డు.

ఎవరు చిన్న, ఎవరు పెద్ద అని తేల్చడానికి కాయితాలు పనికొచ్చేవి కావు. ఆ రోజుల్లో స్కూల్లో చేర్చేటప్పుడు మేష్టర్లు రాసిన పుట్టినరోజులన్నీ జూన్ నెలవే. అందుకని పందేనికి పెద్దమనిషిగా ఉన్న రిటైర్డు టీచరు సూర్యనారాయణమూర్తి గారు ఒక ఉపాయం చేశారు. రెండు సరుగుడు కర్రలు పాతించి, వాటి మీద ఒక వెదురుకర్ర అడ్డంగా కట్టించారు. దాని కింద నుంచి తల తగలకుండా వెళ్లినవాడు చిన్న గ్రూపు. తగిలినవాడు పెద్ద గ్రూపు. ఇందులో ఏ ఊరివాళ్లూ వంక పెట్టడానికి లేదు.

తాతాజీ మొదటిసారి పరిగెత్తింది తొంభై ఆరు తుఫాను వచ్చి వెళ్లిన తర్వాతి జనవరిలో. ఊళ్లో సగం కొబ్బరిచెట్లు నేల మీద పడుకుని ఉన్నాయి. ఇళ్ల మీద తాటాకు బదులు ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని ఉన్నారు. ఎవరి మొహానా నవ్వన్నది లేదు. ఆ ఏడు పదకొండేళ్ల తాతాజీ అందరికంటే ముందు లాకులు చేరాడు. ఊరు ఊరంతా వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని డప్పులతో తీసుకొచ్చింది. కూలిపోయిన ఇంటి ముందు కూర్చుని ఎవరితోనూ మాట్లాడని ముసలమ్మ కూడా లేచొచ్చి వాడి బుగ్గలు పుణికింది. తండ్రి బుల్లియ్య ఆ షీల్డుని ఒళ్లో పెట్టుకుని నవ్వడం తాతాజీ మొదటిసారి చూశాడు.

ఆ నవ్వు కోసమే మరుసటేడు కూడా పరిగెత్తాడు, గెలిచాడు. ఆ తర్వాత రెండేళ్లూ గెలిచాడు. అక్కడి నుంచే చిక్కు మొదలైంది.

రత్నమాణిక్యం తమ్ముడు అప్పాజీ ఊళ్లో యువజన సంఘానికి కార్యదర్శి. మేనల్లుడి పరుగు బాధ్యతంతా తనే నెత్తికెత్తుకున్నాడు. పొద్దున్నే లూనా మీద వచ్చి, కుర్రాణ్ణి లేపి, గట్టు మీద పరిగెత్తించి, తను వెనకాల లూనా మీద వచ్చేవాడు. తాతాజీకి పద్నాలుగు నిండేసరికి అప్పాజీ బెంగ వేగం గురించి కాదు, పొడుగు గురించి.

"అక్కా, జనవరి వెళ్లేదాకా వాడికి గుడ్లు పెట్టకే" అన్నాడొకరోజు.

రత్నమాణిక్యం వేళాకోళం అనుకుని నవ్వింది. తమ్ముడు నవ్వలేదు.

"నిజవేనే. ఇప్పుడు గానీ ఒక్క రెండంగుళాలు సాగాడంటే మన పని అయిపోయినట్టే. పెద్ద గ్రూపులో ఈడిని ఎవడు లెక్కచేత్తాడు? ఇంకొక్క ఏడు ఆగితే చాలు."

"ఒరేయ్, పిల్లాడు ఎదక్కూడదని కోరుకుంటార్రా ఎవరైనా?" అంది ఆవిడ. ఆ పూట నుంచి గుడ్డుని అన్నం కింద దాచి పెట్టడం మొదలుపెట్టింది.

తాతాజీ తొమ్మిదో తరగతికి వచ్చాడు. మగపిల్లలంతా ప్యాంట్లు తొడుక్కుని వస్తుంటే వాడు నిక్కరులోనే వెళ్లాలి. ప్యాంటేస్తే పెద్దవాడిలా కనపడతాడని, పక్క ఊళ్ల వాళ్ల కళ్లలో పడితే గొడవని అప్పాజీ కుట్టించనివ్వలేదు. క్లాసులో ఆడపిల్లలు వాణ్ణి తమ్ముడూ అని పిలిచేవారు. వాళ్లు ఎగతాళిగా అనలేదు, నిజంగానే ముద్దుగా అనేవారు. అది ఇంకా బాధగా ఉండేది. ఇంటి వెనక జామకొమ్మ పట్టుకుని చేతులు నొప్పెట్టేదాకా వేలాడేవాడు. దిగి నేల మీద నిలబడితే మళ్లీ అదే ఎత్తు.

ఒక సాయంత్రం ధైర్యం చేసి సూర్యనారాయణమూర్తి గారింటికి వెళ్లాడు. ఆయన వీధరుగు మీద కూర్చుని రేడియో బ్యాటరీలు మారుస్తున్నారు.

"మేష్టారండీ, ఈసారి నన్ను పెద్ద గ్రూపులో పరిగెత్తనివ్వండి."

ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు. "నీకెన్నేళ్లురా?"

"పదిహేనండి."

"నాకు తెలుసులే. అందరికీ తెలుసు. కానీ కర్ర కింద పట్టేవాణ్ణి పెద్దవాళ్లతో తోలితే, దారిలో పడిపోతే ఎవడిదిరా పూచీ? నీకోసం ఒకసారి కర్ర తప్పించాననుకో, రేపు ఈతలంక వాళ్లొచ్చి మావాడికీ తప్పించమంటారు. నేను పెట్టిన కర్రే గానీ, నా మాట వినదురా అది."

ఆయన మాటలో కోపం లేదు, జాలే ఉంది. మెట్లు దిగుతుంటే తాతాజీకి ఆ జాలి మీదే ఒళ్లు మండింది.

ఇంట్లో తండ్రికి చెప్పాడు. "నాన్నా, నేను పరిగెత్తను ఈ ఏడు."

బుల్లియ్య అరుగు మీద పగ్గం పేనుతున్నాడు. చెయ్యి ఆపాడు. ఆయన నోరు లేని మనిషి. ఊళ్లో నలుగురు కూర్చున్న చోట పక్కన చోటిచ్చి కూర్చోమనడం ఈ నాలుగేళ్లుగానే.

"ఈ ఒక్కసారికీ కానియ్యి నాన్నా" అన్నాడు. "మీ మావయ్య అందరితోనూ చెప్పేశాడు."

రెండువేల ఒకటి జనవరి ఇరవయ్యారున తాతాజీ తల దువ్వుకుంటూ, జుట్టంతా పైకి నిలబెట్టాడు. కొబ్బరినూనె రాయలేదు. కర్ర దగ్గర వంతు వచ్చినప్పుడు ఊపిరి బిగపట్టి, మునివేళ్ల మీద లేచి నడిచాడు. వెదురు జుట్టుకి తగిలింది. తగిలిందని వాడు నోరు తెరిచేలోపు అప్పాజీ చెయ్యి భుజం మీద పడింది.

"మడమలు కింద పెట్టరా" అన్నాడు మెల్లిగా.

కింద పెట్టాడు. తలకీ కర్రకీ మధ్య వేలు పట్టేంత చోటుంది. అటుపక్క నిలబడ్డ ఈతలంక కుర్రాళ్లు ఈలలేశారు. "తాతొచ్చాడ్రోయ్! దారియ్యండ్రా, ముసలాయన పడిపోతాడు!" జనమంతా గొల్లుమన్నారు. మామిడిగరువు వాళ్లూ నవ్వారు.

పందెం ఈల వేయగానే పిల్లలంతా గట్టు మీద పడ్డారు. సగం దారికి వచ్చేసరికి ముందున్నది ఇద్దరే. తాతాజీ, ఈతలంక పేట నుంచి వచ్చిన యెహెజ్కేలు అనే పిల్లాడు. వాడికి నిజంగానే పదకొండేళ్లు. కాళ్లకి చెప్పుల్లేవు. రొప్పుతూనే మాట్లాడుతున్నాడు.

"అన్నా, నీకెన్నేళ్లన్నా?"

తాతాజీ గట్టు మీదే చూపు పెట్టి పరిగెడుతున్నాడు.

"మా అమ్మ లాకుల కాడ నుంచుంది. ఫస్టొత్తానని చెప్పొచ్చా."

తాతాజీ కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి. ఒక్క క్షణం. వెనకనుంచి లూనా చప్పుడు దగ్గరికొచ్చేసింది. "ఏరా, ఏవైంది? కాళ్లిరిగాయా? లాగరా, లాగు!" అప్పాజీ హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. ఎడం పక్క నిండా పారుతున్న కాలవ. కుడి పక్క రెండో పంటకి కొత్తగా నాట్లేసిన దాళ్వా చేను, మోకాలు దాకా బురద. వెనక లూనా. పోవడానికి ముందుకి తప్ప దారి లేదు. తాతాజీ పళ్లు బిగపట్టి ముందుకే పోయాడు.

లాకుల దగ్గర ఫస్టొచ్చాడని బంతిపూల దండేశారు. కాస్త అవతల ఒకావిడ యెహెజ్కేలు మొహం కొంగుతో తుడుస్తోంది. వాడు ఏడుస్తున్నాడు. "పోన్లేరా, ఆడు పెద్దోడు, నీకేం తక్కువా" అంటోంది ఆవిడ. ఆ మాట తాతాజీకి వినపడింది. తనని పెద్దవాడని అన్న మనిషి ఆ రోజు ఆవిడొక్కతే.

అంతలో పెద్ద గ్రూపు వచ్చేసింది. మీసాలొచ్చినవాళ్లు, గొంతు మారినవాళ్లు, అందులో తాతాజీ క్లాసు పిల్లలు కూడా ఉన్నారు. ఒక్కొక్కరే లాకుల మీదున్న సన్నటి నడకదారి ఎక్కి అవతలి గట్టుకి దాటుతున్నారు. తాతాజీ దండ తీసి పక్కనున్న ఎవరి చేతిలోనో పెట్టాడు. ఆఖరివాడి వెనక తనూ ఎక్కేశాడు.

"ఒరేయ్! ఎక్కడికిరా! అయిపోయిందిరా నీది!" అప్పాజీ కేకలు పెట్టాడు. లూనా నడకదారి మీద పట్టదు. వంతెన మీదుగా చుట్టి రావాలంటే చాలా దూరం.

అవతలి గట్టు మీద కాలు పెట్టాక వెనక ఏ చప్పుడూ లేదు. వాడికి ముందు అదే వింతగా తోచింది. ఊపిరి తనది తనకే వినపడుతోంది. అప్పటికే ఒక పందెం పరిగెత్తి ఉన్నాడు. పిక్కలు పట్టేస్తున్నాయి, డొక్కలో పోటు. అయినా ఒకణ్ణి దాటాడు. ఇంకొకణ్ణి దాటాడు. "ఎవడ్రా ఈ బుడ్డోడు?" అని ఒకడు నవ్వి, తర్వాత నవ్వడానికి ఊపిరి చాలక వెనకబడ్డాడు. ఈతలంకలో గుమ్మాల ముందు నిలబడ్డ జనం ఎవరూ వాణ్ణి ఎగతాళి చెయ్యలేదు. ఒక ముసలాయన చెంబుతో మొహాన నీళ్లు కొట్టాడు, అందరికీ కొట్టినట్టే. నోట్లో పడ్డ నీళ్లు మింగి తాతాజీ పరిగెత్తాడు. ఎందుకో ఏడుపొచ్చింది. పరిగెడుతూ ఏడవడం కష్టమని తెలిసి మానేశాడు.

స్కూలు చేరేసరికి వాడి ముందు ఆరుగురే ఉన్నారు. మిగతా వాళ్లంతా వెనకే. చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. టెంటు కింద అప్పటికే పెద్ద గొడవ జరుగుతోంది.

రెండు గ్రూపుల్లోనూ ఒకడే పరిగెత్తడం చెల్లదని ఈతలంక వాళ్లు పట్టుబట్టారు. సూర్యనారాయణమూర్తి గారు తల వంచుకుని విని, వాళ్ల మాటే న్యాయమన్నారు. తాతాజీ గెలుపు కొట్టేశారు. షీల్డు యెహెజ్కేలు చేతికిచ్చారు. అది వాడి ఛాతీకంటే వెడల్పుంది. వాడు దాని పైనుంచి తాతాజీ వైపు భయంగా చూశాడు. తాతాజీ వాడికేసి తలూపాడు. ఆ రోజంతటికీ వాడికి హాయిగా అనిపించింది ఆ కాసేపే.

"ఊరి పరువు కాలవలో కలిపేశావురా" అన్నాడు అప్పాజీ. కొడతాడనుకున్నాడు తాతాజీ, కొట్టలేదు. మాట్లాడ్డం మానేశాడు. టీ కొట్టు దగ్గర బుల్లియ్యకి చోటిచ్చేవాళ్లు జరగడం మానేశారు. ఆయన కొడుకుని ఒక్క మాటా అనలేదు. ఒకటి రెండుసార్లు అంటే బావుండునని తాతాజీకే అనిపించింది. రత్నమాణిక్యం మాత్రం ఆ రాత్రి గుడ్డుని అన్నం పైనే పెట్టింది.

మరుసటి జనవరికి వాడికి పదహారు. మళ్లీ కర్ర దగ్గరికెళ్లాడు. ఈసారి మునివేళ్ల మీద లేవలేదు. వెదురు జుట్టుని రాసుకుందే గానీ తలకి తగల్లేదు.

"చిన్న గ్రూపుకి కుదరదు. పోయినేడు పెద్దవాళ్లతో పరిగెత్తాడు" అన్నారు ఒకళ్లు.

"అయితే పెద్ద గ్రూపులోకి పంపండి" అన్నాడు తాతాజీయే.

"కర్ర కింద పట్టావు కదరా" అన్నారు సూర్యనారాయణమూర్తి గారు. ఆయన మాటలో మళ్లీ అదే జాలి. ఆ జాలి వల్ల తాతాజీకి ఒరిగిందేమీ లేదు. వెనక పిల్లలు తోసుకుంటున్నారు, పక్కకి జరగమన్నారు. జరిగాడు. రెండు పందాలూ అయ్యేదాకా స్కూలు గోడనానుకుని నిలబడి చూసి, ఇంటికి పోయాడు.

పదో తరగతి అయ్యాక కాకినాడలో ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. అక్కడ పద్దెనిమిదో ఏట, ఎవరూ అనుకోకుండా, వాడే అనుకోకుండా, ఒళ్లు సాగడం మొదలుపెట్టింది. రాత్రిళ్లు మోకాళ్లు సలిపేవి. ఏడాది తిరిగేసరికి ఫ్యాక్టరీ గుమ్మంలో తల వంచి వెళ్లాల్సొచ్చింది. ఊరికొచ్చినప్పుడు బస్సు దిగి నడుస్తుంటే, ఎవరబ్బాయని అడిగినవాళ్లున్నారు. రత్నమాణిక్యం కొడుకు భుజం పట్టుకుని పైకి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పటికి పందెం ఆగిపోయింది. షీల్డు ఏ ఊళ్లో ఉండాలని తగువొచ్చి పందెం నడిపే సంఘమే రెండు ముక్కలైంది.

సాయంత్రం అప్పాజీ వచ్చాడు. మూడేళ్ల తర్వాత మొదటిసారి మేనల్లుడితో మాట్లాడాడు. వాడి చుట్టూ ఒకసారి తిరిగి, కాళ్ల వంక చూశాడు.

"అబ్బ, ఏం కాళ్లురా! ఇప్పుడు గానీ పందెం ఉంటేనా, పెద్ద గ్రూపు షీల్డు మనదే. నేను అందరితో మాట్లాడతాను. ఉగాది తర్వాత మళ్లీ మొదలెట్టిద్దాం. నువ్వు ఊఁ అను చాలు."

బుల్లియ్య పగ్గం పక్కన పెట్టి ఆశగా చూశాడు. ఆ చూపు తాతాజీకి బాగా తెలుసు.

"సెలవు దొరకదు మావయ్యా" అన్నాడు.

"ఒక్కసారికే కదరా."

తాతాజీ తెల్లారి మొదటి బస్సుకి కాకినాడ వెళ్లిపోయాడు. ఉగాది దగ్గరపడ్డాక ఊరి నుంచి ఫ్యాక్టరీకి మూడుసార్లు ఫోనొచ్చింది. మొదటి రెండూ అప్పాజీవి, తాతాజీ లేడని చెప్పించాడు. మూడోసారి చేసింది తండ్రి. తాతాజీ తడి చేతులు చొక్కాకి తుడుచుకుని, రిసీవరు చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల బుల్లియ్య, ఈ ఒక్కసారికీ కానియ్యి నాన్నా, అంటున్నాడు.