అరవై నాలుగేళ్ళకు పూలమాల

రిటైరయ్యాక లాల్‌గడి మలక్‌పేట్ లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నాం. ఆ ఏడాదే రెండుసార్లు పొయ్యి మీద పాలు మరిచిపోయాను. మాడు వాసన గోడవతల మల్లెతోట పెట్టుకుని మాలలు కట్టి అమ్మే అవ్వ దాకా వెళ్ళింది. చివరి రోజుల్లో మా నాన్న నన్నే గుర్తుపట్టలేదు. నాకూ అదే మొదలైందేమోనని హడలిపోయాను.

తుర్కపల్లి వైపు ఒక పరిశోధన కేంద్రంలో, పెద్దవయసులో కొత్త పని నేర్చుకుంటే మెదడు మారుతుందా అని స్కాన్ తీసి చూస్తున్నారని తెలిసి పేరిచ్చేశాను. ఏదైనా చేతిపని మూడు నెలలు నేర్చుకోవాలి. ముందొక స్కాన్, తర్వాతొక స్కాన్. ఎవరి ఫలితం వాళ్ళకు విడిగా చెప్పరట. నాకు కావలసింది ఆ ఫలితమే, అయినా నోరు మూసుకుని సంతకం పెట్టాను. అవ్వ పక్కనే ఉంది కదా అని మాల కట్టడం ఎంచుకున్నాను.

మొదటి స్కాన్‌లో పక్క ప్లాటులో బోరు వేస్తున్నట్టు మోత. చేతులు కదపకుండా, మాల కడుతున్నట్టు ఊహించుకోమంది అక్కడి అమ్మాయి. ఎంత ఊహించినా ఏమీ రాలేదు.

మర్నాటి నుంచి అవ్వ దగ్గర కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఆఫీసు ఫైళ్ళకు తాళ్ళు కట్టిన చేతులు పూలకూ అదే ముడి బిగించాయి.

"ఏంది సారూ, పూలకు గట్ల ఉరేస్తున్నవ్? జర నిమ్మళంగ పట్టుకో," అంది అవ్వ.

తెగిన పూలన్నీ ఆమె మేకకు వేసేది. నెలన్నర పాటు నా చదువంతా ఆ మేకకే ఒంటబట్టింది.

మూడు నెలలయ్యాక రెండో స్కాన్‌లో, మళ్ళీ మాల ఊహించుకుంటుండగా మధ్యలో యంత్రం ఆగింది. "అంకుల్, వేళ్ళు కదుపుతున్నారు. స్కాన్ పాడవుతుంది," అని మైకులో ఆ అమ్మాయి.

"నేనా? లేదమ్మా."

మళ్ళీ మొదలెట్టారు, మళ్ళీ ఆపారు. చివరికి ఆమే లోపలికొచ్చి నా చేతుల మీదుగా దుప్పటి గట్టిగా చుట్టింది.

"అప్పుడేమో ఊహకే రావట్లేదన్నారు. ఇప్పుడు ఆపమన్నా ఆపరు," అని నవ్వింది.

నేనూ నవ్వాను. తల కదిలి ఇంకో స్కాన్ పోయింది. సంతోషంతో కళ్ళు నిండాయి, తుడుచుకుందామంటే చేతులు దుప్పట్లో ఉన్నాయి.

సాయంత్రం అంతా చెబితే అవ్వ పూలబుట్ట నా ముందుకు జరిపింది.

"మంచిగైంది. రేపు పెండ్లికియ్యాలె, ఇగ జల్దీ కట్టు. పొయ్యి మీద పాలేమన్న పెట్టొచ్చినవా?"

"పెట్టాను అవ్వా. దించేసే వచ్చాను."