దిగుడుబావిలో కాళ్లు

బడిపిల్ల ధనమ్మ మడమ పుండులోంచి తెల్లటి దారంలా బయటికొచ్చిన నారిపురుగును సారమ్మ చీపురుపుల్లకు చుడుతోంది. లాగకూడదు. తెగితే లోపలి ముక్క కాలంతా చీము పట్టిస్తుంది. పురుగు వదిలినంతే చుట్టి, పుల్లను గుడ్డతో కట్టి, మిగతాది మర్నాటికి ఉంచాలి. మిషన్ దవాఖానలో ఆయాగా ఉన్నప్పుడు చూసి నేర్చుకున్న పని అది. పెళ్లయి చిన్న మంగళారం ఊరికి వచ్చాక క్రైస్తవుల వాడలోని బడికి పంతులమ్మ అయింది.

అది 1941 ఎండాకాలం. బడిలో సగం మంది కుంటుతున్నారు.

వాడకు ఉన్నది ఒక్క దిగుడుబావి. మతం మారినప్పుడు అక్కడ గంగమ్మకు దీపం పెట్టడం మానేశారు గాని, కాళ్లు కడుక్కోవడం మానలేదు. ఆదివారం ప్రార్థనకు ముందు అందరూ మెట్లు దిగి ఆ నీళ్లలోనే కాళ్లు కడుక్కుంటారు. పుండున్నవాళ్లు మంట చల్లారుతుందని ఇంకాసేపు నిలబడతారు. పుండులోంచి పురుగుపిల్లలు నీళ్లలో పడతాయి. ఆ నీళ్లే కడవల్లోకి వెళ్తాయి.

సారమ్మ ఈ పాఠాన్ని నోటితో మొదలుపెట్టలేదు. గాజుగ్లాసులో బావినీళ్లు పోసి ఎండకు పట్టి పిల్లలకు చూపింది. తెల్లటి చుక్కలు గెంతుతూ కనిపించాయి. అవే నీళ్లను ధోవతి గుడ్డ మడతల్లో వడగట్టించి మళ్లీ చూడమంది. చుక్కలు లేవు.

"పురుగుపిల్లల్ని ఇవి మింగుతయి. వీటిని మనం తాగుతం. ఏడాదికి కాలు పగుల్తది. నా మాట నమ్మకున్రి. మీ ఇంటి కడవల చూడున్రి" అంది. పిల్లలు పోయి చూశారు.

ఇప్పుడు, ఈ ఆదివారం పొద్దున, ధనమ్మ కాలిలోని పురుగు చివరికొచ్చింది. అప్పుడే సంఘపెద్ద స్వామిదాసు బడి అరుగు దగ్గరికొచ్చాడు. బడి పెత్తనం ఆయనదే.

"పంతులమ్మా, ఇది దేవుడు పెట్టిన శోధన, పరీక్ష, ఓర్చుకోవాలె అని నేను చెప్తుంటే, పోరగాండ్లు 'గ్లాసుల చూసినవా తాతా' అంటున్నరు. గిదేనా నువ్వు నేర్పేది?"

"గిదే."

"ప్రభువే శిష్యుల కాళ్లు కడిగిండు. తెలుసా?"

"పళ్లెంల కడిగిండు పెద్దయ్యా. తాగే బావిల గాదు."

ప్రార్థనకు పోతూ అరుగు కింద ఆగిన ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. స్వామిదాసు ముఖం మాడిపోయింది.

"రేపటి సంది ఎక్కాలు, వాక్యం. అంతే. బావి మాటెత్తితే బడికి రాకు."

శోధనట! పుండు తొమ్మిదేళ్ల పిల్లది, ఓర్చుకొమ్మనే మాట ఆయనది. సారమ్మ పుల్లను ఇంకో చుట్టు తిప్పుతూనే అంది.

"నీ మనుమడు సాముయేలు సుత కుంటుతుండు. వాని కాలు చేతిల పట్టుకొని శోధన అను, నోరెట్ల వస్తదో చూస్త. బడి నీదే, తీసుకో. బావిల కాలు పెట్టుమని మాత్రం నా నోట రాదు."

ప్రార్థన గంట మోగింది. ధనమ్మ తల్లి ప్రేమమ్మ సంఘపెద్దను చూసింది, పంతులమ్మను చూసింది, బావివైపు పోయింది. కూతుర్ని దింపడానికి చోటు చూస్తోందనుకుని స్వామిదాసు తలూపాడు.

ప్రేమమ్మ నిండు బొక్కెనతో తిరిగొచ్చింది. చేతిలో తడి చేంతాడు.

"మెట్లు దిగలే పంతులమ్మా. పైనించే తోడిన. ఈడనే కడుగు."

ఆడవాళ్లెవరూ బావివైపు కదలకపోవడం చూసి, స్వామిదాసు ప్రార్థన గుడివైపు ఒక్కడే నడిచాడు.

పురుగు తోక బయటపడింది. సారమ్మ దాన్ని పుల్లతో సహా పక్కనున్న కుంపటి నిప్పుల్లో వేసి, కాలు కడిగి, ఉడికించి ఆరేసిన గుడ్డ బిగించి ముడేసి, పిల్లను ఎత్తి తల్లి చేతుల్లో పెట్టింది.