పంటు మీద జీపు

పోయిన వర్షాకాలం నర్సాపురం రేవులో నాతోపాటు గోదావరి దాటించే పంటు ఎక్కిన జీపును దాని ఇత్తడి బూర చూసి గుర్తుపట్టాను. అది మా తాతగారిది. నాన్నగారి కాలంలోనే పొలాలతో పాటు చేయి దాటిపోయింది. ఆ సంగతి దాని యజమానికి చెప్పదలచుకోలేదు.

అతను మస్కట్‌లో పనిచేసి వచ్చిన నడివయసు మనిషి. నేను చూస్తున్నానని దగ్గరకు వచ్చాడు.

“యాక్సిళ్లు రెండూ గట్టివి వేయించేనండి. డిఫరెన్షియల్‌కి లాకు కూడా పెట్టించేను. ఇదివరకు ఒక చక్రం బురదలో జారితే బలమంతా దానికే పోయేదండి. గట్టినేల మీదున్నది కదిలేదే కాదు. ఇప్పుడు రెండూ కలిసే తిరుగుతాయండి.”

“మరి పాతది ఏం మిగిలింది?”

“రేకూ, ఆ బూరేనండి, ఆయ్. ఎవరో జమీందారు గారి బండంటండి. ఆ బూర మోగితే వీధిలో జనం గోడలకి అంటుకుపోయేవారంట. ఇప్పుడు రోడ్డు మీద మేక కూడా లేవదండి!” అని నవ్వాడు. “తమరు ఆ కుటుంబాన్ని ఎరుగుదురాండి?”

“ఎరగను” అన్నాను.

ఆటు వేళకి నీరు వెనక్కి తీయడంతో అవతలి ఒడ్డున సఖినేటిపల్లి రేవంతా బురదగా ఉంది.

“ఎక్కండి బాబుగారూ, గట్టు మీద దింపుతాను” అన్నాడతను.

అక్కర్లేదని చెప్పి, పంచె ఎత్తిపట్టుకుని జనంతో పాటు దిగి నడిచాను. వెనక జీపు ఎక్కడా జారకుండా బురదను తొక్కుకుంటూ వస్తోంది. బూర మోగింది.

మిగతావాళ్లు తమ దారిన నడుస్తూనే ఉన్నారు. పక్కకు తప్పుకున్నది నేనొక్కణ్ణే.