కోడలి నోట రాని పేరు

పక్కింటి తాత పోయాడు. ఆదివారం పొద్దున ఆయన కొడుకు మా తలుపు తట్టి, "నాన్న నిద్రలోనే వెళ్ళిపోయాడు" అని చెప్పాడు. మధ్యాహ్నానికి, అమెరికాలో మేముండే బెంటన్‌విల్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు: "మా అపార్ట్‌మెంట్స్‌లో రష్యన్ అంకుల్ పోయారంట. సో శాడ్." దాని కింద వరసగా దండాల బొమ్మలు. ఐదేళ్ళు ఒకే పార్కింగ్‌లో ఎదురుపడ్డ మనిషి రష్యన్ కాడు, కజక్‌స్తాన్ నుంచి వచ్చిన కజక్ అని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. ఎవరో తెలియకుండానే దండం పెట్టేయడం మనవాళ్ళకు అలవాటే.

తాత పుట్టింది గుర్రాలూ గొర్రెలూ తోలుకుంటూ, చలికాలం ఒకచోట, ఎండాకాలం ఇంకోచోట ఉన్ని గుడారం వేసుకునే మనుషుల్లో. మాదీ అనంతపురం జిల్లాలో గొర్రెల ఇల్లే. ఆఫీసులో ఆ మాట చెబితే 'వావ్' అని వేరే మాటలోకి వెళ్ళిపోతారు. తాత మాత్రం మంచంమీంచి లేచి కూర్చుని, గాలికుంటు వస్తే మా నాన్న ఏం మందు వేసేవాడని అడిగాడు. ఆయనకూ నాకూ వచ్చింది ముక్కల ఇంగ్లీషే. నేను తాతా అంటే, వాళ్ళ భాషలోని 'అతా' అనుకుని పలికేవాడు. దానికీ అర్థం తాతే. నన్ను 'బాలా' అనేవాడు, పిల్లాడా అని.

వాళ్ళ పలకరింపులో ముందు మంద, తర్వాత మనుషులు. మందా మనుషులూ క్షేమమా అని అడగాలి. "నీకు మంద లేదు. నిన్నేం అడగను? కారు క్షేమమా?" అనేవాడు. ఊరి బయట కంచెలో మేసే గుర్రాలు చూపిస్తే పెదవి విరిచాడు. "ఇవి గుర్రాలు కావు బాలా, కుర్చీలు."

ఆయనకున్న దిగులు ఒక్కటే. కజక్ బిడ్డకు ఏడు తరాల తండ్రుల పేర్లు నోటికి రావాలి. పెద్దవాళ్ళు అడిగినప్పుడు చెప్పలేకపోతే తలవంపు. తొమ్మిదేళ్ళ మనవరాలికి నేర్పుదామంటే ఆయన దగ్గర అన్ని పేర్లు లేవు. 1930లలో సోవియట్ సర్కారు వాళ్ళ పశువుల్ని లాక్కుని, మనుషుల్ని ఒకచోట కూర్చోబెట్టింది. మంద పోయాక ఆకలికి మనుషులు పోయారు. తండ్రి తరఫువాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. తల్లి మిగిలింది, చంకలో ఈయనతో.

తల్లికి పేర్లు తెలుసు. కానీ కోడలు అత్తింటి మగవాళ్ళ పేర్లు పలకకూడదు. తాత తండ్రి పేరొక్కటే కాగితాల్లో మిగిలింది. మామగారిని 'బూడిదరంగు గుర్రం ఆయన' అనేది, ఆయన తండ్రిని 'తలుపు దగ్గర పడుకునే ఆయన' అనేది. ఆ పైవాళ్ళ ఊసే లేదు. ఆవిడ చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని తాత అడిగాడట, "ఇప్పుడు వినేవాళ్ళెవరమ్మా, చెప్పు" అని. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. "గౌరవమట! సర్కారు మా తాతను ఒకసారి చంపింది. ఈ గౌరవం రెండోసారి చంపింది" అన్నాడు తాత. మా అమ్మ కూడా నాన్న పేరు పలికేది కాదు, రేషన్ షాపులో అడిగితే నన్ను ముందుకు తోసేది. ఆ మాట చెబితే, "మీరూ అంత తెలివైనవాళ్ళేనా" అన్నాడు.

ఒక సాయంత్రం మా తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంట్ నాకోసం వచ్చి, నేను తాత ఇంట్లో ఉన్నానని అక్కడికే వచ్చాడు. ఈయన వంశవృక్షం ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్న మనిషి. పైన ఋషి, కింద ఈయన. ముత్తాత పేరు అడిగితే కళ్ళద్దాలు వెతుక్కుంటాడు.

"నోమాడ్సా! మన దేశదిమ్మరుల్లాగా అన్నమాట" అని నాతో అని, తాతవైపు తిరిగాడు. "అయితే మీకు అడ్రస్ ఉండేది కాదా అంకుల్?"

"ఏ నెలలో ఏ నీటి దగ్గర ఎవరు దిగాలో మాలో అందరికీ తెలుసు. నువ్విక్కడికి ఎలా వచ్చావు?"

"జీపీఎస్ పెట్టుకుని."

"ఎంత దూరం?"

"రెండు మైళ్ళు అంకుల్."

తాత నావైపు చూశాడు. పేర్ల సంగతి విన్నాక ప్రెసిడెంట్ భరోసా ఇచ్చాడు: "మిగతావి మంచి పేర్లు ఏవో పెట్టేయండి అంకుల్. ఎవడు చెక్ చేస్తాడు?"

"లేని పేరు పెడితే అది ఇంకెవడి మనవరాలో అవుతుంది" అంటూ తాత ఆయన గిన్నె అంచుదాకా టీ నింపాడు. వాళ్ళలో కావలసినవాడికి సగమే పోస్తారు, మళ్ళీ అడగాలని. నిండా పోస్తే తాగి వెళ్ళమని. బయటికొచ్చాక ప్రెసిడెంట్ మెచ్చుకున్నాడు, "మర్యాద తెలిసిన మనిషండీ!"

ఖననం అయ్యాక తాత ఇంట్లో భోజనాలు పెట్టారు. ప్రెసిడెంట్ కూడా వచ్చాడు, ప్లేటు నింపుకున్నాడు. టల్సా నుంచి వచ్చిన ఒక కజక్ పెద్దాయన, ఈ కుటుంబాన్ని అంతకుముందు చూడనివాడు, మనవరాలిని దగ్గరికి పిలిచి వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. ఎవరి బిడ్డవని అడుగుతున్నాడని తాత కొడుకు నాకు చెప్పాడు. చెబుతూ తను గోడవైపు చూస్తున్నాడు.

ఆ పిల్ల వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది, అతను నాకు అర్థం చెబుతున్నాడు. తండ్రి పేరు, తాత పేరు, తాత తండ్రి పేరు. తర్వాత బూడిదరంగు గుర్రం ఆయన, తలుపు దగ్గర పడుకునే ఆయన. ఎడమ చెయ్యి పిడికిలైంది. ఆరో పేరుకు కుడిచేతి బొటనవేలు మడిచింది. నోరు తెరవలేదు. పెద్దాయనవైపే చూస్తూ ఊరుకుంది.

"మర్చిపోయినట్టుంది, పాపం" అన్నాడు ప్రెసిడెంట్ నా చెవిలో.

పెద్దాయన తినడం ఆపి తల వంచాడు. పిల్ల తొందరపడలేదు. ఒక పేరు పలకడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, చూపుడువేలు మడవడం మొదలుపెట్టింది. ఆ వేలు అరచేతిని తాకేదాకా పెద్దాయన తల వంచుకునే ఉన్నాడు.