అమీర్ బీ చెప్పిన చోటే గుండు

ఉరవకొండలో పరుపు కుట్టించుకోవాలంటే అమీర్ బీ దగ్గరికే పోవాలనేవాళ్ళు ఒకప్పుడు. ఆమె దబ్బనం పట్టి కుట్టిన పరుపులో ఏళ్ళు గడిచినా దూది ముద్ద కట్టేది కాదు. అలాంటి మనిషి మిద్దె మెట్ల మీద జారిపడి మోకాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పారు గానీ కాలు మాత్రం మడత పడలేదు. పరుపు కుట్టాలంటే నేల మీద కూర్చోవాలి. కూర్చోలేని మనిషికి ఇంటిల్లిపాదీ చెప్పేది ఒకటే మాట, "నువ్వు ఊరకుండు" అని. మొగుడు జిలాన్ బాషా ప్రేమకొద్దీ ఆమె దబ్బనం తీసి దాచేశాడు కూడా. ఆ ప్రేమ చూస్తే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

కొడుకు తౌసిఫ్‌కు ఇంటి ముందుగదిలో ఫొటో స్టూడియో ఉంది. గిరాకీ లేనప్పుడు వాడు కంప్యూటర్లో యుద్ధం ఆట ఆడేవాడు. రెండు కోటలు, రెండు సేనలు, ఎక్కడెక్కడివాళ్ళో నెట్టులో కలిసి కొట్టుకోవడం. మన కోట నడుమ జెండా ఉంటుంది. గడువు తీరేదాకా దాన్ని కాపాడుకుంటే మనం గెలిచినట్టు. ఆ గదిలో ఎత్తైన కుర్చీ ఒకటుంది. కాలు చాపుకుని కూర్చోవడానికి ఆ ఇంట్లో అంతకన్నా మంచి చోటు లేదు గనక అమీర్ బీ అక్కడ చేరి చూసేది. ఒకరోజు తౌసిఫ్ టీ తాగడానికి లేచాడు. ఆమె హెడ్‌ఫోన్ తీసి చెవులకు తగిలించుకుంది. ఆ తర్వాత పాపం వాడికి కుర్చీ దక్కలేదు.

ఆమెకు నచ్చింది మోర్టారు. రోలులా పొట్టిగా, మూతి ఆకాశంలోకి పెట్టుకుని ఉండే ఫిరంగి. ముగ్గురు కలిస్తే గానీ దాంతో పని జరగదు. కంబదూరులో ఉండే శశి అనే అమ్మాయి గుండు నింపేది. పుట్టపర్తి లాడ్జీలో పనిచేసే కేశవ మూతి తిప్పేవాడు, జట్టుకు పెద్ద కూడా వాడే. ఇద్దరికీ ఎదురుగా సొంత కోట గోడే అడ్డం, అవతల ఏం జరుగుతున్నదో తెలీదు. అందుకని అమీర్ బీ బురుజెక్కి, గుండు ఎక్కడ పడిందో చూసి చెప్పేది. "అత్తా, యాడ పడె?" అని ఇద్దరూ ఆమె మాట కోసం ఊపిరి బిగబట్టుకుని ఉండేవాళ్ళు. కాలు విరిగిన తర్వాత ఆమె మాట కోసం ఎవరైనా ఎదురుచూసింది అక్కడొక్కచోటే. ఆ బురుజు పోయిందంటే మళ్ళీ మంచమే గతి. అది ఆమెకు చచ్చినా ఇష్టం లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ బురుజుకే ఎసరొచ్చింది. శత్రువుల కోట తలుపు ఇంకొక్క గుండు పడితే బద్దలయ్యేలా ఉంది.

"కేశవా, ఉత్తరానికి రవ్వంత జరుపప్పా," అంది అమీర్ బీ.

కేశవ జరిపాడు. గుండు పోయి, కుడిపక్క ముందుకు వంపు తిరిగిన సొంత కోట గోడ మీదే పడింది. పడిన సందులోంచి శత్రువులు దూరి జెండా పీకేశారు.

"ఇదేందత్తా?" అన్నాడు కేశవ.

"ఉత్తరమంటే దక్షిణానికి తిప్పితివి. నన్నడిగితే?"

"ఉత్తరానికే తిప్పితి గదా!"

ఇద్దరి మాటా నిజమే. ఆ వైపు ఊళ్ళల్లో మంచం జరపమన్నా, పంక్తిలో మనిషిని జరగమన్నా పడమటికి జరుగు అంటారు గానీ ఎడమకి జరుగు అనరు. అమీర్ బీ కంప్యూటరు తూర్పు గోడకు ఉంది, ఆమె ఎడమచెయ్యి ఉత్తరం. కేశవ బల్ల పడమటి గోడకు ఉంది, వాడి కుడిచెయ్యి ఉత్తరం. ఎవరి గదిలో ఉత్తరాన్ని వాళ్ళు ఆటలోకి మోసుకొచ్చారు. సంగతి తెలిశాక శశి పడీపడీ నవ్వింది. కేశవ నవ్వలేదు.

"నీతో అయ్యేట్ల లేదత్తా. కుడి, ఎడమ అని చెప్పేవాళ్ళను చూసుకుంటాం."

గుమ్మంలో నిలబడిన తౌసిఫ్ కూడా, "చాల్లేమ్మా, ఇంగ ఊరకుండు," అన్నాడు.

ఆ మాటతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కుడి, ఎడమ ఎవరి చేతులు వాళ్ళవి. దిక్కు మాత్రం అందరికీ ఒకటే. నేను మారను. మీరే తూర్పుకు తిరిగి కూసోండి. ఇంగొక్క ఆట చూడప్పా కేశవా, ఈసారి మన గోడ మీద గుండు పడితే నేనే లేచిపోతా."

వాదనలో పస ఎంతుందో గానీ గొంతులో మాత్రం బోలెడుంది. పుట్టపర్తిలో బల్ల ఈడ్చిన చప్పుడు ఉరవకొండ దాకా వినిపించింది. శశి కూడా ల్యాప్‌టాప్ పట్టుకుని చోటు మారింది.

ఈసారి గుండ్లు చెప్పిన చోట చెప్పినట్టు పడ్డాయి. శత్రువుల తలుపు పోయింది, పక్కగోడ పోయింది. ఇంతలో వాళ్ళు దొంగదారిన వచ్చి అమీర్ బీ బురుజు కిందే నిచ్చెనలు వేశారు. ఎగబాకుతున్నారు. అడ్డుకోవడానికి మనవైపు సేన మిగల్లేదు, మోర్టారు ఒక్కటే మిగిలింది.

ఈ సంగతి కనిపించేది ఆమెకు ఒక్కదానికే. నోరు మూసుకుంటే కోట పోతుంది గానీ ఆ తప్పు ఆమెది కాదు, పందెం ఓడదు, కుర్చీ ఉంటుంది. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"శశీ, గుండెయ్. కేశవా, పడమటికి లాగు. ఇంకా లాగు."

"అత్తా, అది మన గోడ!"

"నాకు కండ్లు లేవా?"

"ఆడ నువ్వుండావు! బురుజు గూడా పోతాది!"

"పోతే పోనీ. నేను చెప్పిన చోట వెయ్!"

గుండు పడింది. గోడ, నిచ్చెనలు, వాటి మీద మనుషులు, బురుజు, బురుజు మీద అమీర్ బీ, అన్నీ కలిసి నేలమట్టమయ్యాయి. ఆమె తెర నల్లబడింది. కాసేపటికి శశి కేక వినిపించింది. గడువు తీరింది, జెండా నిలబడే ఉంది.

కేశవ మాత్రం నసిగాడు. "గెలిచినాం, సరే. కానీ గుండు మన గోడ మీదే పడిందత్తా. అట్ల పడితే లేచిపోతానని నువ్వే గదా అంటివి."

తౌసిఫ్ కుర్చీ కోసం ఒక అడుగు ముందుకు వేశాడు. అమీర్ బీ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మాట తప్పడం ఆమెకు అలవాటు లేదు, ముఖం ఎర్రబడింది.

"అంటిని. తప్పినాననుకో. లెయ్యను. నీకు చాతనైతే ఉరవకొండకొచ్చి లేపు."

పుట్టపర్తిలో మళ్ళీ బల్ల సర్దిన చప్పుడైంది.

"ఇంగో ఆట పెట్టేదా అత్తా?" అన్నాడు కేశవ.

"పెట్టు," అని, అమీర్ బీ కొడుకు వైపు తిరిగింది. "ఏమప్పా, అట్ల నిలబడినావు? పోయి నాకు టీ తీసుకురా."